నసీబు మీద నెట్టేసిన ఏళ్లు

పత్తాలాటలో నాకు నసీబు లేదని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను, నలుగురికీ చెప్పుకున్నాను కూడా. పెళ్లిళ్లలో, దసరాకు ఊరికి పోయినప్పుడు, పొద్దటి రైల్లో, ఎక్కడ పదమూడు పత్తాల రమ్మీకి కూర్చున్నా ఓడి లేచేవాణ్ణి. లేస్తూ ఒకటే మాట: పత్తాలు పడలేదు. అది అబద్ధం. అందరికీ పడ్డట్టే నాకూ పడ్డాయి. నేనే చూడలేదు.

ఆ సంగతి నాకు తెలిసింది భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో. కాగజ్‌నగర్ నుంచి సికింద్రాబాద్ పోయే ఆ బండిలో నేను మంచిర్యాలలో ఎక్కి జమ్మికుంటలో దిగేవాణ్ణి. రోజూ వచ్చిపోయేవాళ్లం మోకాళ్ల మీద తువ్వాల పరిచి ఆడేవాళ్లం. పైసలు పెట్టేది లేదు. పాయింట్లు కాగితం మీద రాసుకునేవాళ్లం, కౌంటు ఎక్కువైనవాడు చాయ్ తాగించేవాడు. బెల్లంపల్లిలో ఎక్కే పెద్దాయన ఒకాయన, సింగరేణిలో చేసి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ ఆటలు గెలిచేవాడు. ఒకరోజు నేను ఆఠీను అయిదు, ఏడు పట్టుకుని ఆరు కోసం చివరిదాకా కూర్చున్నాను. ఎవరో షో చెప్పారు. నాకు ఫుల్ కౌంట్, ఎనభై.

“నసీబు లేదు కాకా” అన్నాను.

“నసీబు సంగతి తర్వాత బిడ్డా. ఆఠీను ఆరు ఒకటి గోదారి దాటకముందే పడ్డది. ఇంకోటి రామగుండంల పడ్డది. రెండూ నీ కండ్ల ముందటనే పడ్డయి. ఇంక లేని పత్తా కోసం కూసున్నవ్ నువ్వు.”

ఆ రోజు ఆఫీసులో ఏ పని మీదా మనసు పెట్టలేకపోయాను. రెండు పేకలు కలిపి ఆడే ఆటలో ఒక రంగు ఆరు రెండే ఉంటాయి. అయిదు, ఏడు పట్టుకున్నవాడికి పనికొచ్చేవి ఆ రెండే. అయిదు, ఆరు పట్టుకుంటే నాలుగైనా ఏడైనా కలుస్తుంది, అంటే నాలుగు పత్తాలు. జోకర్ల సంగతి పక్కన పెడితే అవకాశం సరిగ్గా రెట్టింపు. చిన్న పిల్లవాడు కూడా వేసే లెక్క. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ వేయలేదు. డిగ్రీ చదివి, కొలువు చేస్తూ, ఆట మొదలవగానే ఆ బుర్రను పక్కన పెట్టి దేవుడికి మొక్కుతూ కూర్చున్నాను.

అప్పుడు ఒక నోటుబుక్కు కొన్నాను. గెలుపోటములు రాయడానికి కాదు, చేసిన పని రాయడానికి: ఏ పత్తా పట్టుకున్నాను, ఎందుకు పట్టుకున్నాను, ఎప్పుడు వదిలేశాను. కొన్ని నెలలకు అందులో నాకు కనబడినది స్కూట్ చెప్పి ఆట వదిలేయని నా మొండితనం. మా లెక్కలో మొదట్లోనే స్కూట్ చెబితే ఇరవై, మధ్యలో చెబితే నలభై. పంచగానే ఒక వరస కూడా కుదిరేలా లేని చేతిలో ఇరవై ఇచ్చి తప్పుకోవడం నాకు పారిపోవడంలా తోచేది. రాజులనూ రాణులనూ పట్టుకుని, ఒక్కోటి పది కౌంటని తెలిసీ, కూర్చునేవాణ్ణి. పుస్తకంలో పేజీ తర్వాత పేజీ అదే కథ: ఇరవైతో పోయేది అరవై, డెబ్బై అయింది. ఓపిక అంటే చివరిదాకా కూర్చోవడం అనుకున్నాను. నిజానికి ఆ ఆటలో ఓపిక చాలాసార్లు లేచిపోవడంలోనే ఉంది.

మెల్లగా బాగుపడ్డాను. ఎంత మెల్లగా అంటే నాకే తెలియనంత. ముందు ఒక రంగులో పడ్డ పత్తాలు గుర్తుండేవి, తర్వాత రెండు రంగులవి. ఇక్కడే నా రెండో మూర్ఖత్వం మొదలైంది. మొదటిదానికంటే పెద్దది ఇది.

మా డబ్బాలో పెద్దపల్లి కోర్టుకు పోయే వకీలు ఒకాయన ఉండేవాడు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు గురించి ఆయన చెప్పాడు. మూడు పత్తాలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడ్డ పత్తాలను గుర్తుంచుకోవడంలో, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చడంలో నైపుణ్యం ఉందనీ జస్టిస్ హిదయతుల్లా రాశారట. ఆ తీర్పు ఆట గురించి. నేను దాన్ని నా గురించి విన్నాను. ఆటలో నైపుణ్యం ఉందన్నారు కాబట్టి నాకు నైపుణ్యం ఉన్నట్టే అనుకుని, ఫోనులో పైసలు పెట్టి ఆడటం మొదలుపెట్టాను.

ఇంటి పైకప్పు మరమ్మతుకు దాచిన పైసలు అందులో పోయాయి. ఇంట్లో చెప్పడానికి వానాకాలం వచ్చేదాకా ధైర్యం రాలేదు. ఆడేవాళ్లలో ఎవరు గెలిచినా ప్రతి ఆటలో కొంత కమీషను నడిపేవాళ్లకు పోయేది. అంటే సమానమైనవాళ్లు ఆడితే కాలం గడిచేకొద్దీ అందరూ ఓడినట్టే. నేను రైల్లో సంపాదించిన కాస్త మెరుగు ముందు ఆ కమీషనుకే చాలలేదు. పైగా రాత్రి ఓడినకొద్దీ పోయినకాడనే పట్టుకోవాలని కూర్చునేవాణ్ణి. నోటుబుక్కు తెరవనే లేదు. గెలిచిన ఆట నా తెలివి, ఓడిన ఆట అన్యాయం. పాత నసీబు మాటే వేరే బట్ట కట్టుకుని వచ్చింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. నన్ను ఆపింది అదే. నా అంతట నేను ఆగానని చెప్పుకోలేను. 2025 ఆగస్టులో కేంద్రం పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించినప్పుడు, ఎన్ని ఇళ్ల కప్పులు నిలబడతాయో అనిపించింది.

నన్ను ఆర్డినెన్సు ఆపిన ఆ 2017లోనే, జనవరిలో, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు పోకరు నిపుణుల మీద 20 రోజుల్లో 1,20,000 ఆటలు ఆడి గెలిచిందని చాలా తర్వాత చదివాను. అది పగలు ఆడేది. రాత్రి తన ఆటలో ఎదుటివాళ్లు ఎక్కడ సందు కనిపెట్టారో చూసుకుని దాన్ని పూడ్చుకునేది. వాళ్ల బలహీనతల వెంట పడలేదు. పోకరులో రెండు ఆసులు పడ్డవాడు కూడా, ఎదురుగా ఏవో రెండు పత్తాలతో ఒక్కడు చివరిదాకా నిలిస్తే, నూటికి 15 సార్లు ఓడతాడు. ఓడినందుకు ఆసులు పట్టుకోవడం తప్పవదు. ఆ ఒక్క సంగతి ముందే అర్థమై ఉంటే నేను గెలుపును చూసి పొంగేవాణ్ణి కాదు, ఓటమిని చూసి రాత్రంతా కూర్చునేవాణ్ణీ కాదు.

ఇప్పుడు మళ్లీ చాయ్ మీదే ఆడుతున్నాను, ఆదివారాలు, ఇంటి అరుగు మీద. పెద్దాయన అప్పుడప్పుడు వస్తాడు, ఇప్పటికీ నాకంటే బాగా ఆడతాడు. మధ్యలో స్కూట్ ఎప్పుడు చెప్పాలో నాకింకా కుదరడం లేదు. నోటుబుక్కులో ఈ మధ్య ఇంకో గడి గీశాను: ఎదుటివాడు తన ముందు పడ్డా ఎత్తుకోని పత్తాలు. వాడు ఎత్తుకున్నవే ఇన్నాళ్లూ చూశాను. వద్దనుకున్నవి కూడా వాడి చేతిలో ఏముందో చెబుతాయని మొన్న కాకా అన్నాడు. నాలుగు వారాలకు మించి ఆ గడి ఖాళీ లేకుండా నింపగలిగితే చూడాలి.