కొనగలిగితేనే కాలేయం

కాలేయ క్యాన్సర్ మందు నెక్సావర్‌కు జర్మన్ కంపెనీ బేయర్ 2012 నాటికి పెట్టిన ధర నెలకు 2.8 లక్షల రూపాయలు. నారాయణఖేడ్ రైతు పొలం అమ్ముకుంటూ మింగాల్సి వచ్చిన మాత్ర! 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్‌దారు ఒప్పుకోకున్నా మరొకరు తయారు చేసుకునే అనుమతి, ఇచ్చేసరికి, మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు అదే మందు నెలకు 8,800 రూపాయలకే గిట్టుబాటైంది. మరి పరిశోధన ఖర్చు మాటేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. అందుకే బేయర్‌కు రాయల్టీ కట్టమన్నారు, ఊరికే లాక్కోలేదు. పైగా ఆ మందు కొనగలిగే పాశ్చాత్యుల కోసమే తప్ప భారత్ మార్కెట్ కోసం కాదని 2013లో బేయర్ అధిపతే సెలవిచ్చారు. అమ్మే ఉద్దేశమే లేని చోట గుత్తహక్కు దేనికో! మన సర్కారువారు మాత్రం ఆ ఒక్క సంతకానికే అలసిపోయారు. హైదరాబాద్‌దే లీ ఫార్మా, మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్‌కు లైసెన్సు అడిగితే 2016లో కుదరదు పొమ్మన్నారు.