ఓడినవారికి దారేది?

జమిలి ఎన్నికల బిల్లు 2024 డిసెంబరులో 39 మంది ఎంపీల సంయుక్త కమిటీకి చేరింది. గడువు మీద గడువు పొడిగించుకుంటూ మాజీ ప్రధాన న్యాయమూర్తులనూ పిలిచి అడిగారు. మల్కాజ్‌గిరి లోక్‌సభ సీటునూ ఓ మాట అడగొద్దూ? 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో కొడంగల్‌లో ఓడిన రేవంత్ రెడ్డి ఆర్నెల్లు తిరక్కుండానే ఇక్కడ ఎంపీ అయ్యారు. 2023లో హుజూరాబాద్, గజ్వేల్ రెండుచోట్లా ఓడిన ఈటల రాజేందర్ మరుసటి వేసవికి ఇక్కడే గట్టెక్కారు. శాసనసభకూ లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్ పెడితే, ఓడిన నేతలు తేరుకునేదెప్పుడు? అయ్యా కమిటీవారూ, ఈటల మీ బిల్లు తెచ్చిన పార్టీ ఎంపీయే. ముందు ఆయన వాంగ్మూలం తీసుకోండి!