‘నీబండి’ పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: న్యూయార్కు నగరంలోని లాంగ్ ఐలాండ్ సిటీలో 1915లో పుట్టిన ఆటోపెడ్ అనే నిలుచుండు స్కూటరును స్తుతిస్తూ, పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ ఒక కవి ఇట్లనుచున్నాడు.

ఆ.వె.
నిలిచి యుండి కదలు నీబండిపై నెక్కి
ముందు తోయ పరుగు, మొగము దిక్కు
లాగ నాగు, మడువ లాఘవమున జేరు
చంకలోన నొదిగి సంచి రీతి.

టీక: నిలిచి యుండి = కూర్చునే యోగం లేక; కదలు = పోవునట్టి; ఈ బండిపైన్ = ఈ స్కూటరు మీద; ఎక్కి = రెండు కాళ్లూ పలక మీద ఆన్చి; ముందు తోయన్ = హ్యాండిల్ కాడను ముందుకు నెట్టగా; పరుగు = క్లచ్చు పట్టుకొని సాగుట; మొగము దిక్కు లాగన్ = ఆ కాడనే తన వైపు గుంజుకొనగా; ఆగు = క్లచ్చు వదిలి బ్రేకు పడుట; మడువన్ = కాడను పలక మీదికి వంచినచో; లాఘవమునన్ = సులువుగా; సంచి రీతిన్ = కూరల సంచి వలె; చంకలోనన్ ఒదిగి చేరు = ఇమిడిపోవును.

తాత్పర్యం: స్పష్టము. (టీకాకారులు తమకు తోచని చోట వాడే మాట ఇదే గాని, ఇక్కడ నిజంగానే స్పష్టము.)

విశేషాలు: చంకలో సంచి అనడం అతిశయోక్తి. కాడ మడవడం నిజమే. ముందు చక్రం మీద 155 సీసీ పెట్రోలు ఇంజను కూర్చున్న బండిని చంకన పెట్టుకోవడం మాత్రం కవిగారికే సాధ్యం.

‘ఎక్కి’ అన్నాడు గాని ఎవరు ఎక్కారో చెప్పలేదు. మగవాడని ఊహించుకోరాదు. 1916లో లండనులో ఫ్లారెన్స్ నార్మన్ అనే ఆవిడ పెద్ద కోటు, టోపీతో ఈ బండి మీద నిలబడి ఉన్న ఫోటో నేటికీ ఉంది. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. బండి భర్త ఇచ్చిన కానుక. అక్కడి ఆడవాళ్లలో ముప్పై దాటిన కొందరికి ఓటు వచ్చింది 1918లో. బండి రెండేళ్లు ముందే వచ్చింది.

ఇక అసలు చిక్కు ‘నీబండి’. ‘కదలు’ తర్వాత అచ్చు వచ్చింది గనుక నుగాగమం, అనగా నడుమ ‘న్’ చేరుట. అంటే ‘ఈ బండి’. ‘నీ యొక్క బండి’ అని చదివేవారు వ్యాకరణం రానివారని పూర్వులు తోసిపుచ్చారు. చరిత్ర కూడా వారి పక్షమే. ఆటోపెడ్ తయారీ 1921లో ఆగింది. తర్వాత చాలాకాలానికి లిథియం బ్యాటరీ పుణ్యమా అని ఈ జాతి మళ్లీ తలెత్తింది. 2017లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా వీధుల్లో బర్డ్ సంస్థ అద్దె స్కూటర్లు దించింది. ఫోనుతో తాళం విప్పడం, నిమిషాల లెక్కన డబ్బు కట్టడం, దిగిన చోట వదిలేసి పోవడం. ‘ఈ బండి’ అనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? ఎవడిదీ కాదు, కంటికి కనబడ్డదే బండి.

మరుసటి ఏడు ఈ అద్దె స్కూటర్లు పారిస్ చేరాక నాలుగో పాదానికి పాఠాంతరం పుట్టింది: ‘దారిలోన నొరిగి’. యతి చెడింది గాని అర్థం చెడలేదు. అవి నిజంగానే ఫుట్‌పాత్ మీద అడ్డంగా ఒరిగి ఉండేవి. అవి ఉండాలా వద్దా అని 2023 ఏప్రిల్ 2న ఆ నగరం ఓటు పెట్టింది. నూటికి ఎనిమిది మంది కూడా రాలేదు. వచ్చినవారిలో 89 శాతం వద్దన్నారు. ఆగస్టు ముగిసేసరికి అద్దె స్కూటర్లు ఖాళీ చేశాయి. సొంత స్కూటరుకు నిషేధం లేదు. కాబట్టి పారిస్ పొలిమేరల్లో ‘నీ యొక్క బండి’ అన్న అర్థమే సాధువు. నుగాగమం అక్కడ చెల్లదు.