ముప్పై-ముప్పై: టీకా తాత్పర్య సహితం

మూలం: “30-30 విన్. 170 గ్రె. ఎస్.పి.”

గ్రంథం ఇంతే. అట్టపెట్టె మీద అచ్చయి ఉంటుంది, లోపల ఇరవై తూటాలు. పెన్సిల్వేనియా, మిషిగన్ వంటి అమెరికా రాష్ట్రాల్లో నవంబరు వేట మొదలవబోతుందనగా, తుపాకుల దుకాణం కౌంటరు దగ్గర ఈ ఒక్క పంక్తికి భాష్యం చెప్పని పెద్దమనిషి కనిపించడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెదక్ జిల్లా కొల్చారం వాడైన ఆయన మాట అంత దూరం చేరినట్టు లేదు.

ప్రతిపదార్థం: మొదటి 30 అంటే బుల్లెట్ లావు, అంగుళంలో నూటికి ముప్పై వంతులు. పట్టుకుని కొలిస్తే 0.308 వస్తుంది, ఛందస్సు కోసం సవరించారనుకోవాలి. రెండో 30, తొలినాళ్లలో తూటాలో పోసిన పొగలేని మందు తూకం, గ్రెయిన్లలో. విన్. అంటే వించెస్టర్. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1894 మోడల్ లీవర్ రైఫిల్ కోసం ఆ కంపెనీ 1895లో ఈ తూటాను తెచ్చింది. 170 గ్రె. అంటే తూటా ముక్కున కూర్చునే బుల్లెట్ బరువు: 11 గ్రాములు, పాత లెక్కన తులానికి రవ్వంత తక్కువ. ఎస్.పి. అంటే సాఫ్ట్ పాయింట్, మెత్తని కొన.

కౌంటరు పండితులు అంకెల దగ్గరే తెల్లవారుస్తారు. దగ్గరి వేటకు అర్థమంతా చివరి రెండక్షరాల్లో ఉంది.

టీక: బుల్లెట్ లోపల సీసం, పైన రాగి తొడుగు. కొన దగ్గర తొడుగు ఆగిపోయి, మసక బూడిద రంగు సీసం బయటపడుతుంది. తూటా సిమెంటు నేల మీద జారిపడితే ఆ కొన సొట్టపోతుంది, అంత మెత్తన. జింక పక్కటెముకల్లో దిగగానే ఎదురొత్తిడికి సీసం వెనక్కి విచ్చుకుంటుంది, తొడుగు రేకులుగా చీలుతుంది, బుల్లెట్ పుట్టగొడుగులా ఇంచుమించు రెట్టింపు లావై ఊపిరితిత్తులు దాటి అవతలికి పోతుంది. అటూ ఇటూ రెండు రంధ్రాలుంటే రాలిన ఆకుల మీద నెత్తుటి జాడ పట్టుకోవడం తేలిక. కొన బల్లపరుపుగా ఉండడానికి కారణం వేరే. లీవర్ రైఫిల్ మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వెనకదాని కొన ముందుదాని అడుగున ఉండే, దెబ్బ తగిలితే పేలే ప్రైమర్‌కు ఆనుకుంటుంది. అక్కడ సూదిమొన పెడితే రైఫిల్ అదురుకు ఏం జరగవచ్చో విడమరిచి చెప్పనక్కర్లేదు.

పూర్వపక్షం: దట్టమైన అడవిలో జింక యాభై గజాల్లో కనిపిస్తే మాత్రమేం, మందు ఎక్కువ పట్టే పెద్ద మాగ్నమ్ తూటా ఉండగా ఈ ముసలి తూటా ఎందుకు?

సమాధానం: ఈ ముసలిది బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగంతో పోతుంది, వంద గజాలకు 1,900కి దిగుతుంది. దీని మెత్తదనం ఆ వేగానికే కుదిర్చింది. .300 వించెస్టర్ మాగ్నమ్ 180 గ్రెయిన్ల బుల్లెట్ వంద గజాల దగ్గర కూడా 2,700 పైనే ఉంటుంది. ఆ దూకుడులో పలచని తొడుగు బుల్లెట్ భుజం ఎముకకు తగిలితే తునాతునకలవుతుంది, కూరకు పనికొచ్చే మాంసం నెత్తురు గడ్డ కట్టి పాడవుతుంది. దీనికి ఇతిహాస ప్రమాణం ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే పెద్ద దుప్పి మీద మాగ్నమ్ పేలిస్తే బుల్లెట్లు లోతుకు దిగకుండానే చెదిరిపోయాయి. ఆయన ఇంటికొచ్చి బుల్లెట్ నడుమ రాగి అడ్డుగోడ కట్టాడు: ముందు సగం విచ్చుకోవాలి, వెనక సగం చెక్కుచెదరకూడదు. పార్టిషన్ పేరుతో 1948 నుంచి అమ్మకానికి పెట్టాడు. మాగ్నమ్ చేతబట్టి దగ్గరి పొదల్లోకి పోయేవాడు అలాంటి గట్టిది కొనాలి.

పోనీ, పూర్తిగా తొడుగు వేసిన మిలిటరీ బుల్లెట్? విచ్చుకోదు, సన్నని బెజ్జం చేసి పోతుంది, జింక మైళ్లు నడిచి ఎక్కడో చస్తుంది. చాలా రాష్ట్రాలు వేటలో దాన్ని నిషేధించాయి. ఇక్కడ చర్చ అనవసరం.

మరో పూర్వపక్షం: బరువైన మొద్దు ముక్కు బుల్లెట్ కొమ్మా రెమ్మా చీల్చుకుని తిన్నగా పోతుంది. ఇది తాతల నాటి మాట. పుల్లలు అడ్డుపెట్టి కాల్చి చూసిన ప్రతివాడికీ తేలింది ఒకటే: పుల్ల తగిలితే ఏ బుల్లెట్టయినా దారి తప్పుతుంది. అయినా ఏటేటా ఈ పాఠం పునర్ముద్రణ అవుతూనే ఉంటుంది.

మన దేశంలో ఈ గ్రంథానికి అధికారులు లేరు. వేట మాన్పించడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 చాలు.

పాఠాంతరం: కాలిఫోర్నియా ప్రతిలో సీసం లేదు. వేటగాళ్లు అడవిలో వదిలే పేగుల్లోని సీసపు తునకలు తిని కాండర్ రాబందులు చస్తున్నాయని, 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రం వేటకు సీసం బుల్లెట్లు పూర్తిగా మాన్పించింది. బదులు వచ్చిన పూర్తి రాగి బుల్లెట్ గట్టిది, ముప్పై-ముప్పై వంటి నెమ్మది తూటాలో విచ్చుకోనని మొరాయిస్తుంది. అందుకే తయారీదారులు దాని కొనకు వెడల్పాటి గుంట పెడతారు. రాగి సీసం కన్నా తేలిక, అంతే బరువు కావాలంటే బుల్లెట్ పొడవై మందు చోటు ఆక్రమిస్తుంది. కొత్త పెట్టె మీద 150 చూసి, మిగతా ఇరవై గ్రెయిన్లు ఎవడు మింగాడని కౌంటరు దగ్గర గొడవ పడేవాళ్లకు దుకాణదారు చెప్పవలసిన జవాబు ఇదే.