చెయ్యి పెట్టి చూపించలేని నొప్పి

మోకాలి నొప్పికి ఒక మర్యాద ఉంది. నలుగురిలో కూర్చుని నిమురుకోవచ్చు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకోవచ్చు. గజ్జల్లో నొప్పికి ఆ భాగ్యం లేదు. ఎచ్చెర్లలో కాపురముంటూ శ్రీకాకుళంలో ఉద్యోగం చేసే ఒక సీనియర్ అసిస్టెంటు గారికి పట్టుకుంది సరిగ్గా అదే. మెట్టెక్కబోతే తొడ మొదట్లో కలుక్కుమనేది. బండి మీదికి కాలు వెయ్యబోతే ప్రాణం జివ్వుమనేది. ఎక్కడండీ నొప్పి అంటే, "నడుం కింద... ముందరవైపు" అని గోడకేసి చూసేవారు.

ముందు వీధి వైద్యం నడిచింది. బోదకాలు తాతల నాటి నుంచీ ఎరిగిన జిల్లా కదా, గజ్జ అనగానే ఎదురింటాయన అడిగిన మొదటి మాట, "బిళ్ల గానీ కట్టీసిందేటండీ?" పక్కింటాయన హెర్నియా అని తేల్చేశారు. వెనకింటావిడ గ్యాసన్నారు. మన దగ్గర గ్యాస్ చేరలేని చోటు ఒంట్లో ఎక్కడా లేదు. ఇంట్లో ఇల్లాలు నడుముకి బామ్ రాసింది. నొప్పి ముందర, బామ్ వెనక.

నిజానికి ఆవిడ మరీ తప్పేం చెయ్యలేదు. ఈ నొప్పికి అసలు మూలమైన సోయాస్ అనే కండరం పుట్టేది వెనకే. నడుము వెన్నుపూసల పక్కన బయల్దేరి, దారిలో కటి ఎముక లోపలున్న ఇలియాకస్‌ను కలుపుకుని, తొడ ఎముక పైభాగంలో లోపలివైపున్న చిన్న బుడిపెకు అంటుకుంటుంది. తొడను పొట్టవైపు ఎత్తడం ఈ రెండింటి పని, అందుకే వీటిని హిప్ ఫ్లెక్సర్లు అంటారు. కుర్చీలో ఉన్నంతసేపూ ఇవి ముడుచుకునే ఉంటాయి. ఏడాదంతా ఫైళ్ల ముందు వాటిని అలా ఉంచేసి, సంక్రాంతి సెలవుల్లో మేనల్లుళ్లతో పరుగు పందెం కడితే ఏమవుతుంది?

పరుగే వృత్తి అయినవాళ్లనూ ఇది వదలదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు ముందు ఈ హిప్ ఫ్లెక్సర్ గాయంతోనే ఇబ్బంది పడింది. ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో దిగిన తొలి భారతీయురాలు ఆమె. మన అసిస్టెంటు గారు దాటబోయిన హర్డిల్ మాత్రం వీధి చివర మురుగుకాలవ.

చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లారు. ఆ అమ్మాయి ఆయన్ని బల్ల అంచున వెల్లకిలా పడుకోబెట్టి, బాగున్న కాలి మోకాలిని రొమ్ముకు హత్తుకోమంది. రెండో తొడ బల్లకు ఆనకుండా గాల్లోకి లేచింది. హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడి పేరుతో 19వ శతాబ్దం నుంచీ ఉన్న పరీక్ష ఇది. యంత్రం అక్కర్లేదు, స్కానింగ్ ఖర్చు లేదు. తర్వాత తొడ మీద అరచెయ్యి ఆనించి, "నా చెయ్యిని పైకి తొయ్యండి సార్" అంది. ఆయన మొహం ఎర్రబడింది గానీ తొడ లేవలేదు.

"బిగుసుకోవడమే కాదు సార్, బలం కూడా లేదు."

నొప్పి కన్నా ఆ మాటే గట్టిగా తగిలింది.

బెణికిన కండరాన్ని మొదటి రోజునుంచే సాగదియ్యడం మనవాళ్లకి సరదా. అలా చేస్తే అది ఇంకా రేగుతుంది. అందుకే కొన్నాళ్లు పరుగులూ మెట్లూ తగ్గించి, కాలు కదపకుండా కండరాన్ని బిగించి వదలడంతో మొదలుపెట్టించింది. నొప్పి నెమ్మదించాకే సాగదీత: ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, కోవెల్లో గరుత్మంతుడిలా. ఆయన వీపు విరిచి ఛాతీ పొంగించారు. "నడుం వంచకండి సార్, పిర్ర బిగించండి" అందా అమ్మాయి. కిటుకంతా అక్కడే ఉంది. పిర్ర బిగిస్తే కటి వెనక్కి తిరుగుతుంది, 30 సెకన్లకే తొడ మొదట్లో లాగుడు తెలుస్తుంది. వీపు విరిస్తే నడుం నొప్పి అదనం. ఆ తర్వాత పాదాలకు రబ్బరు పట్టీ తగిలించుకుని మోకాలు పైకెత్తడం, వెల్లకిలా పడుకుని నడుము లేపడం.

అన్ని గజ్జ నొప్పులూ కండరానివే కావు. జ్వరమున్నా, పడ్డాక కాలు మోపలేకపోయినా, నొప్పి రాత్రి నిద్ర లేపినా, కుడివైపు పొట్ట నొప్పితో వాంతులవుతున్నా నేరుగా డాక్టరు దగ్గరికే. అపెండిక్స్ వాచినప్పుడు కూడా దాని వెనకున్న ఈ సోయాస్ నొప్పెడుతుంది.

అసిస్టెంటు గారు ఇప్పుడు బండి సులువుగానే ఎక్కుతున్నారు. మొన్న ఎదురింటాయన వచ్చి, "ఆ ఎక్సర్‌సైజుల కాయితం ఓ జెరాక్స్ ఇప్పించండి, మా మావగారికి మోకాళ్లు పట్టీసాయి" అన్నారు. ఈయన కాయితం ఇవ్వలేదు.

"ముందు ఆయన్ని తీసుకొచ్చి ఈ మంచం అంచున పడుకోబెట్టండి, తొడ లేస్తాదో లేదో చూద్దాం."