ముప్ఫై రాళ్ల బావ

ఆదివారం ఆరున్నరకి, కాఫీ ఇంకా నోటికి అందకముందే, మా బావ వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. టీ వడగట్టే జాలీలో గోళీకాయలంత పచ్చని ఉండలు, లెక్కపెడితే ముప్ఫై. "చూశావా, కత్తి పడకుండా అన్నీ దిగిపోయాయ్!" ఆ జాలీ మా అక్కది. ఇక ఆ ఇంట్లో టీ తాగను.

మన ఐటీ పిల్లలు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వుందని లెక్క బయటపడ్డప్పటి నుంచి హైదరాబాదులో ఇదే గోల. కుర్చీలోంచి లేవమంటే కష్టం గానీ, లివర్ కడుక్కోవడం తేలికే. పగలంతా యాపిల్ జ్యూస్, రాత్రికి గ్లాసుడు ఆలివ్ నూనె, అందులో నిమ్మరసం. కుడిపక్కకు తిరిగి పడుకోవాలట. తెల్లారేసరికి రాళ్లు!

ఈ రాళ్ల గుట్టు 2005లోనే లాన్సెట్‌లో బయటపడింది. న్యూజిలాండ్‌లో ఒకావిడ ఇలాగే నూనె తాగి, పడ్డవాటిని భద్రంగా డాక్టరుకి పట్టుకెళ్లింది. పరీక్షిస్తే అందులో కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. నలభై డిగ్రీల వేడికే కరిగిపోయాయి. తాగిన నూనే, నిమ్మరసమూ కడుపులో కలిసి ఉండకట్టాయి. అంటే సబ్బు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలిపి అలాంటివే ల్యాబ్‌లోనూ చేసి చూపించారు. మా బావ రాత్రికి రాత్రి సబ్బుల కార్ఖానా పెట్టాడన్నమాట.

పైగా పోయిన నెల స్కాన్‌లో ఆయన గాల్‌బ్లాడర్‌లో కనిపించినవి మూడే రాళ్లు. మూడుకి ముప్ఫై! ఏ చిట్‌ఫండూ ఇవ్వదీ రాబడి. పిత్తనాళం వెడల్పు మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లు దాటదు. ఆ సందులోంచి ముప్ఫై ఆర్టీసీ బస్సులు హారనైనా కొట్టకుండా వెళ్లాయని నేను నమ్మాలి. మళ్లీ స్కాన్ తీయించు బావా అంటే, "కళ్లముందు రాళ్లుంటే స్కానెందుకురా?" అన్నాడు.

పైత్యం తలకెక్కడమంటే ఇదే.

అసలు రాళ్లున్నవాడు అంత నూనె తాగితే గాల్‌బ్లాడర్ గట్టిగా ముడుచుకుంటుంది. చిన్న రాయొకటి జారి నాళానికి అడ్డం పడితే కామెర్లు, పాంక్రియాస్ వాపు, ఐసీయూ. ఈ చిట్కా వీడియో పెట్టిన పెద్దమనిషి వచ్చి బిల్లు కడతాడా? ఇక కామెర్లనగానే పసరు, మణికట్టు మీద వాత. హెపటైటిస్-ఏ చాలామందికి దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకొస్తుంది. కానీ మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురద పెడుతుంటే లోపల నాళం మూసుకుపోయి ఉండొచ్చు. రాయో, క్యాన్సరో. చేతిమీద వాత పెడితే కడుపులో నాళం తెరుచుకుంటుందా? ఎండోస్కోపీ గొట్టంతో దాన్ని తెరిచే డాక్టర్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. "ఇంగ్లీషు మందు ముట్టుకుంటే పసరు పనిచేయదు" అని బెదిరించి, నెల్లాళ్లు చప్పిడి పథ్యం తినిపించి, గడ్డ కోతకు అందకుండా పోయేదాకా ఆపినవాడు వైద్యుడా? వాడి మీద కేసు పెట్టేవాడే లేడు.

తిప్పతీగ సంగతి ఎత్తితే మళ్లీ కొట్లాట. 2021లో ముంబయి డాక్టర్లు అది వాడిన ఆరుగురి లివర్లు దెబ్బతిన్నాయని రాస్తే ఆయుష్ శాఖకు కోపమొచ్చింది. తర్వాత 13 ఆసుపత్రుల్లో అలాంటివాళ్లు 43 మంది తేలారు. కుండీలో తీగ మాత్రం అలాగే పాకుతోంది.

కొవ్వు ముదిరి వాచిన లివర్‌కి అమెరికాలో మొదటి మందు 2024లో గానీ అనుమతికి రాలేదు, అదీ ఏళ్ల తరబడి ట్రయల్స్ చేశాక. మా బావకి ఒక్క రాత్రి చాలింది.

ఇప్పుడే అక్క ఫోన్ చేసింది. ఈ ఆదివారం తన వంతట. వచ్చేటప్పుడు కొత్త జాలీ ఒకటి పట్టుకురమ్మంది.