గంట కొట్టినోడిదే తప్పు

హన్మకొండలో ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మోగిందనుకోండి. మెట్ల మీద ఒక్క చెప్పు చప్పుడు వినిపించదు. బాల్కనీల్లోకి మాత్రం జనం వస్తారు. ఎదుటి బ్లాక్ వాళ్లు దిగుతున్నారేమోనని వీళ్లు, వీళ్లు దిగుతున్నారేమోనని వాళ్లు కాసేపు చూసుకుంటారు. ఎవరూ దిగకపోతే మంట లేనట్టే లెక్క. ఈలోగా పై అంతస్తు పెద్దమనిషి ఒకాయన "అరే, దాని నోరు మూయించుర్రయ్యా, సీరియల్ వినబడ్తలేదు" అని కేకేస్తాడు. వాచ్‌మన్ పోయి ప్యానెల్ మీద సైలెన్స్ మీట నొక్కుతాడు. "ఏం లేదు సార్, అది ఊకె మొత్తుకుంటది" అని తీర్పు చెబుతాడు. దర్యాప్తు, విచారణ, కేసు కొట్టివేత అన్నీ అర నిమిషంలో పూర్తి.

అది ఊకె మొత్తుకోదు. అదే దాని ఖర్మ.

సీలింగుకు అంటుకుని ఉండే ఆ తెల్ల డబ్బా లోపల చిన్న చీకటి గది ఉంటుంది. ఒక మూల నుంచి మన కంటికి కనబడని పరారుణ కాంతి వస్తుంటుంది. దాన్ని పట్టుకునే సెన్సర్‌ను ఎదురుగా కాకుండా కావాలనే పక్కకు పెడతారు. మామూలు రోజుల్లో దానికి వెలుగే తగలదు. పొగ దూరితే ఆ రేణువుల మీద కాంతి పడి చెదిరి సెన్సర్‌ను తాకుతుంది. వెంటనే గంట కొడుతుంది. దాని చదువు అంతవరకే. లోపలికొచ్చింది కాలుతున్న సోఫా పొగా, బాత్రూం తలుపు తీస్తే వచ్చిన గీజర్ నీళ్ల ఆవిరా, పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోస్తే లేచిన దుమ్మా, చీకటిగా ఉందని కాపురం పెట్టిన చిన్న సాలెపురుగా అని అది ఆధార్ అడగదు. మునిసిపాలిటీ దోమల మందు బండి కింద పొగ వదిలినా దానికి పొగ పొగే.

ఇక మన వంటిళ్ల సంగతి. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన చపాటా మిర్చి మర్యాదస్తురాలు, రంగే తప్ప ఘాటు తక్కువ. అదే ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన తేజ రకం కాయలు నాలుగు కాగిన నూనెలో పడనివ్వండి. ఇంటిల్లిపాదీ దగ్గుతారు, పక్కింటివాళ్లూ దగ్గుతారు, లిఫ్టులో ఉన్నవాళ్లూ దగ్గుతారు. అది ఎవరికీ నేరంగా తోచదు. డబ్బా ఒక్కటి దగ్గితే మాత్రం "ఇదేం చెత్త కంపెనీది" అంటారు.

అసలు ఆ డబ్బా పొయ్యికి నాలుగడుగుల దూరంలోకి ఎలా వచ్చింది? దాని కాళ్ల మీద నడిచి రాలేదు కదా. ఫాల్స్ సీలింగ్‌లో లైట్ల వరుసకు అందంగా కుదురుతుందని పెట్టారు. అమెరికావాళ్ల నిబంధనల పుస్తకం పొయ్యికి పదడుగుల లోపల, బాత్రూం తలుపుకు మూడడుగుల లోపల, ఫ్యాన్ రెక్క చివరికి మూడడుగుల లోపల స్మోక్ అలారం వద్దంటుంది. మనవాళ్లు ఆ మూడు చోట్లనే వెతికి మరీ పెడతారు. వంటింట్లో ఉండాల్సింది హీట్ డిటెక్టర్. దానికి పోపుతో పేచీ లేదు, గది వేడి 57 డిగ్రీల దాకా ఎక్కితేనే నోరు తెరుస్తుంది. మన మే నెల ఎండలకూ ఆ అంకెకూ ఇంకా పది పన్నెండు డిగ్రీల ఎడం ఉంది, ప్రస్తుతానికి.

గృహప్రవేశం నాడు హాలు మధ్యలో హోమం చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దానికీ దారి ఉంది. ప్యానెల్‌లో ఆ ఒక్క డిటెక్టర్‌ను ఆపి, ఆపినట్టు రిజిస్టర్‌లో రాసి, పూజ అయ్యాక మళ్లీ కలపాలి. ఆపడం వరకు మనవాళ్లు శాస్త్రోక్తంగా చేస్తారు. కలపడానికి ముహూర్తం కుదరదు. ఆవును లిఫ్టులో ఐదో అంతస్తుకు ఎక్కించగలిగిన కమిటీకి ఒక్క మీట తిరిగి నొక్కడం చేతగాదు.

టోపీ కథ ఇంకా బాగుంటుంది. రంగులు, టైల్స్ పని జరిగేటప్పుడు లోపల దుమ్ము చేరకుండా డిటెక్టర్‌కు ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంచుతారు. పని అయ్యాక తీసేయాలి. తీయరు. టోపీ లేని చోట వాచ్‌మన్ క్యారీబ్యాగ్ తొడిగి రబ్బరు బ్యాండ్ వేస్తాడు. అలాంటి భవనాల్లో తప్పుడు అలారాలు సున్నా. ఒప్పుడు అలారాలు కూడా సున్నానే అనుకోండి, ఆ లెక్క ఎవరూ అడగరు. వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్ల ఎత్తు నుంచి అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. తనిఖీ నాడు టోపీలన్నీ తీసి, డబ్బాలన్నీ తుడిచి, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు బడిపిల్లల్లా వరుసగా నిలబెడతారు. జీపు గేటు దాటగానే మళ్లీ టోపీలు.

2023 ఆగస్టు 9న తిరుపతి నుంచి సికింద్రాబాద్ వస్తున్న వందేభారత్‌లో టికెట్ లేని ఒక మహానుభావుడు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని సిగరెట్ ముట్టించాడు. అలారం మోగింది, మంటలార్పే పొడి చిమ్మింది, ప్రయాణికులు హడలిపోయారు, రైలు నెల్లూరు జిల్లా మనుబోలులో ఆగింది. 'ఉత్తుత్తి అలారం' అన్నారు చాలామంది. ఉత్తుత్తిది ఎలా అయింది? పొగ ఉంది, ఉందని చెప్పింది. నాన్నా పులి కథలో పిల్లోడు కావాలని అబద్ధమాడాడు, దీనికి ఆ తెలివి కూడా లేదు.

స్కాట్లాండ్‌లో ఈ బెడద పడలేక 2023 జూలై 1 నుంచి ఆఫీసులు, దుకాణాల్లో అలారం మోగినంత మాత్రాన ఫైరింజన్ రాదని తేల్చేశారు. మంటో పొగో ఉందని మనిషెవరైనా చూసి చెప్పాలి. ఆస్పత్రులు, జనం నిద్రించే చోట్లకు మినహాయింపు ఇచ్చారు. మనకు ఆ బెంగ లేదు, మన అలారాల్లో చాలావాటికి 101తో పరిచయమే లేదు.

అదే ఏడాది మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. ఇరవైల్లో ఉన్న పిల్లలు, ఎక్కువమంది మన ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి కొలువు కోసం పోయినవాళ్లే. ప్రాణం తీసింది పొగ. అలాంటి వార్త వచ్చిన వారం రోజులూ వాట్సాప్ గ్రూపుల్లో అందరూ ఫైర్ సేఫ్టీ నిపుణులే. ఎనిమిదో రోజు ఎవరింట్లోనో పోపు, మళ్లీ అదే మీట.

చేయాల్సిన పనులు గొప్పవేమీ కావు. ఆరు నెలలకోసారి డబ్బాల దుమ్ము వ్యాక్యూమ్‌తో లాగించాలి. పదేళ్లు దాటినవాటిని మార్చాలి. ఏ డిటెక్టర్ మోగింది, ఎన్ని గంటలకు, ఎందుకు అని ఒక నోట్‌బుక్‌లో రాస్తే నెల తిరిగేసరికి దొంగ దొరుకుతాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం 302 ముందే మోగుతోందంటే అది సాంబ్రాణి. అలారం గొంతు నొక్కనక్కర్లేదు, ధూపం బాల్కనీలో వేసుకోమంటే చాలు. కానీ 302 మేడమ్‌కు ఆ మాట ఎవరు చెప్పాలి? డబ్బాకైతే క్యారీబ్యాగ్ తొడగొచ్చు.

ఇదంతా మొన్న ఒక అసోసియేషన్ మీటింగ్‌లో చర్చకొచ్చిందట. డిటెక్టర్ల శుభ్రానికి డబ్బులు లేవని కోశాధికారి చేతులెత్తేశారు, గేటు ముందు ఆర్చికి ఖర్చయిపోయాయి మరి. మాక్ డ్రిల్ అయినా పెడదామన్నారు సెక్రటరీ. ఆదివారం పదకొండింటికి అనుకున్నారు. "ఆదివారం పొద్దున పిల్లలు పండుకుంటరు, అప్పుడు గంట కొడితే ఎట్ల సార్?" అని నాలుగో అంతస్తు నుంచి అభ్యంతరం వచ్చింది. న్యాయమేనన్నారు అందరూ. అలారం మోగించకుండా మాక్ డ్రిల్ జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.